చక్రాల మీది ఇంటికి చల్లని పెట్టె

మానవుడు స్వభావతః సంచారప్రియుడు. అయినను ఎంత దూరం పోయినా ఇంటి సౌఖ్యం తన వెంట రావలెనని కోరుకొనుట కూడ అతని స్వభావమే. ఉర్దూలో సంచారజీవిని 'ఖానాబదోష్' అంటారు. ఇంటిని భుజాన వేసుకొని తిరిగేవాడని ఆ మాటకు అర్థం. ఆ బరువును భుజం మీది నుండి దించి చక్రాల మీదికి ఎక్కించిన వాహనమే మోటర్ హోమ్. పడక, వంటగది, స్నానాల గది అన్నీ అందులోనే ఉంటాయి.

ఈ వాహనాలు ప్రధానంగా అమెరికాలోను, ఐరోపాలోను కనిపిస్తాయి. వాటి ముచ్చట మనకెందుకని కొందరు అడుగవచ్చు. నేడు హైదరాబాదు నుండి, కోస్తా జిల్లాల నుండి, రాయలసీమ నుండి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకొని, మోటర్ హోమ్ అద్దెకు తీసుకొనో కొనుక్కొనో దేశం చూపించే ఆచారం వారిలో కూడ ఉన్నది. ఆ ప్రయాణంలో పసిపిల్లల పాలు ఉంటాయి. పెరుగు, దోసెల పిండి, వండిన కూరలు ఉంటాయి. పెద్దలలో మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఉంటుంది. కనుక ఆ బండిలోని రిఫ్రిజిరేటర్ విలాస వస్తువు కాదు, ఆరోగ్యానికి కాపలాదారు.

అయితే కొనేవారిలో చాలమంది బండిని చూచే వరుస తలక్రిందులుగా ఉంటున్నదని నా అభిప్రాయం. మొదట బండి పొడవు చూస్తారు. తరువాత సోఫా, పడక, అద్దాలు చూస్తారు. చివరకు రిఫ్రిజిరేటర్ తలుపు తెరచి, ఎన్ని లీటర్లు పట్టునని అడిగి మూసివేస్తారు. అడుగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. 'మన రాత్రులు ఎక్కడ గడచును? అక్కడ కరెంటు ఉండునా?' అన్నది మొదటి ప్రశ్న. దానికి సమాధానం దొరికితే ఏ రకం శీతల యంత్రం కావలెనో తేలుతుంది. అది తేలిన తరువాతనే బండి సంగతి.

అమెరికాలో ఈ బండ్లను మూడు తరగతులుగా విభజిస్తారు. బస్సంత పెద్దది ఏ తరగతి. వ్యాన్‌లోనే ఇమిడినది బి తరగతి. డ్రైవర్ తలపై పడక ముందుకు పొడుచుకొని వచ్చినట్లుండే మధ్యరకం సి తరగతి. ఏ తరగతి బండి అయినను, అందులోని శీతల యంత్రం సాధారణంగా శోషణ పద్ధతిదో, కంప్రెసర్ పద్ధతిదో అయి ఉంటుంది.

మన కూజాలో నీరు ఎందుకు చల్లబడుతుంది? మట్టి రంధ్రాల గుండా ఊరిన తేమ ఆవిరి అగునప్పుడు, లోపలి నీటి నుండి వేడిని గుంజుకొనిపోతుంది. రిఫ్రిజిరేటర్లకు మూలసూత్రం కూడ ఇదే. కూజాలో ఆవిరి గాలిలో కలసిపోతుంది. యంత్రంలో దానిని మరల పట్టి ద్రవంగా మార్చి తిరిగి వాడుకొనవలెను. ఆ పని చేసే మార్గంలోనే రెండు పద్ధతులకు భేదం.

శోషణ పద్ధతిలో ఆ పనిని వేడి చేస్తుంది. మంట పెట్టి చల్లదనం పుట్టించుట వింతగా తోచవచ్చును గాని ఇది పాత విద్యయే. ఫ్రాన్సు దేశీయుడు ఫెర్డినాండ్ కారే 1859లోనే అమ్మోనియాతో ఇట్టి యంత్రానికి పేటెంటు పొందినాడు. 1922లో స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాలయ విద్యార్థులు బాల్ట్‌సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అమ్మోనియాకు, నీటికి హైడ్రోజన్‌ను చేర్చి, కదిలే భాగం ఒక్కటైనా లేని శీతల యంత్రాన్ని రూపొందించినారు. మోటర్ హోమ్‌లలోని గ్యాస్ రిఫ్రిజిరేటర్ దాని సంతతియే. గ్యాస్ మంటతోను, బయటి కరెంటుతోను, కొన్ని రకాలలో బండి బ్యాటరీతోను పనిచేస్తుంది. చప్పుడు లేదు. రోజుకు సుమారు 300 నుండి 400 గ్రాముల గ్యాస్ చాలును. మన వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ను దానికి మాత్రమే తగిలిస్తే నెలకు పైగా వచ్చునన్నమాట.

ఇంత సుగుణవతికి దోషాలు లేవా? ఉన్నవి. లోపలి ద్రవం తన బరువు చేతనే గొట్టాలలో ప్రవహించవలెను గనుక, నిలిపిన బండి సమతలంగా ఉండవలెను. వాలుగా నిలిపి గంటల తరబడి నడిపితే ద్రవం ఒకచోట నిలిచి, గొట్టం మితిమీరి కాగి, యంత్రం శాశ్వతంగా చెడిపోవచ్చును. బయట ఎండ మండుతున్నప్పుడు చల్లదనం తగ్గుతుంది. అరిజోనా, నెవాడా ఎడారులలో వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ అరుదు కాదు. అంతటి వేడిలో ఈ యంత్రం లోపలి ఉష్ణోగ్రతను నిలుపలేక ఆయాసపడుతుంది. ఎత్తైన ప్రదేశాలలో మంట సరిగా నిలువకపోవచ్చునని తయారీదారులే హెచ్చరిస్తారు. ఇక మంట ఉన్నచోట ప్రమాదశంక ఎట్లు పోవును? అగ్ని ప్రమాద భయంతో 2006లోను, తరువాతి సంవత్సరాలలోను కొన్ని శోషణ యంత్రాలను అమెరికాలో తయారీదారులే మరమ్మతుకు వెనుకకు పిలిచినారు.

కంప్రెసర్ పద్ధతి మన ఇళ్లలోనిదే. అయితే మోటర్ హోమ్ కొరకు 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా నడిచే రకం వచ్చినది. ఎండకు అంతగా లొంగదు. కొద్దిపాటి వాలును లెక్కచేయదు. త్వరగా చల్లబడుతుంది. దాని ఆహారం విద్యుత్తు ఒక్కటే. మధ్యరకం యంత్రం రోజుకు సుమారు 40 నుండి 60 ఆంపియర్ గంటలు తీసుకొంటుంది. 100 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో సగం మాత్రమే వాడుట శ్రేయస్కరం గనుక, అది ఒక్క దినానికే సరిపోతుంది. 200 ఆంపియర్ గంటల లిథియం బ్యాటరీ అయితే మూడు దినాలు నిలుస్తుంది. బండి కప్పుపై 200 వాట్ల సౌరఫలకం ఉంటే, మంచి ఎండ కాసిన రోజున వాడినంత విద్యుత్తు తిరిగి చేరుతుంది. ఏ ఎండ గ్యాస్ యంత్రాన్ని బాధిస్తుందో ఆ ఎండయే కంప్రెసర్‌కు అన్నం పెడుతుంది!

పెద్ద బస్సు వంటి బండ్లలో ఇంటి రిఫ్రిజిరేటర్‌నే అమర్చుట కూడ ఉన్నది. ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీల వరుస ఉన్నవారికే అది తగును. చౌకగా దొరికే పెల్టియర్ రకపు చల్లని పెట్టెలు బయటి వేడి కంటె 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. ఎడారిలో వాటిని నమ్ముకొనరాదు.

ఒక ఉదాహరణ చూతము. గ్రాండ్ కెన్యన్ దక్షిణపుటంచున గల మేథర్ విడిదిలో బండికి కరెంటు కనెక్షన్ లేదు. జనరేటర్ నడుపుటకు కూడ వేళలు పరిమితం. యెల్లోస్టోన్‌లో నీరు, మురుగు, కరెంటు మూడింటి వసతి గల విడిది ఫిషింగ్ బ్రిడ్జి వద్దిది ఒక్కటే. సమాఖ్య ప్రభుత్వపు భూ నిర్వహణ శాఖ అధీనంలోని బయళ్లలో సాధారణంగా 14 దినాల వరకు ఉచితంగా మకాం చేయవచ్చును గాని అక్కడ ఆకాశం, నేల తప్ప మరేమీ ఉండవు. దేశం చూడబోయేవారి రాత్రులు గడచేది ఇట్టిచోట్లనే. పగలు ఎడారి దాటి, సాయంత్రం రెండువేల మీటర్ల ఎత్తున ఆగే ప్రయాణానికి బ్యాటరీ, సౌరఫలకం తోడున్న కంప్రెసర్ యంత్రమే తగినదని నా నిశ్చితాభిప్రాయం.

గ్యాస్ యంత్రానికి కాలం చెల్లినదనుట మాత్రం అన్యాయం. చెట్ల నీడన, మబ్బు పట్టిన శీతల ప్రాంతంలో, ఒకేచోట వారాల తరబడి ఉండేవారికి సౌరఫలకం ఏమి చేయగలదు? అక్కడ గ్యాస్ సిలిండరే ఆధారం. చిన్న వ్యాన్‌లో తలాపున కంప్రెసర్ రొద భరించలేనివారు కూడ ఉంటారు. మంచి చెడ్డలు యంత్రంలో మాత్రమే లేవు. అది ఉన్న చోటును బట్టి కూడ ఏర్పడుతాయి.

ఏ యంత్రం ఎన్నుకొన్నను కొన్ని జాగ్రత్తలు తప్పవు. బయలుదేరుటకు ముందు రోజే దానిని నడిపి చల్లబరచవలెను. లోపల ఒక థర్మామీటర్ ఉంచవలెను. ఆహారానికి 4 డిగ్రీలు దాటరాదు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుండి 8 డిగ్రీలు కావలెను. గడ్డకట్టినచో అది పనికిరాదు గనుక మంచు పేరుకొనే పలకకు దూరంగా పెట్టవలెను. పెట్రోలు నింపుకొనునప్పుడు గ్యాస్ మంట ఆర్పవలెను. అద్దెకు తీసుకొనేవారు సైతం యంత్రం ఏ రకమో, బ్యాటరీ శక్తి ఎంతో సంతకానికి ముందే అడుగవలెను. విక్రేత సోఫా మెత్తదనం గురించి అడుగకుండానే చెప్పును. దీనిని గురించి అడిగితేనే చెప్పును.

మిత్రులారా! మనలో కొందరు రేపు విదేశాలకు పోవచ్చును. మరికొందరి తల్లిదండ్రులు అక్కడి పిల్లల బండిలో ఎక్కవచ్చును. తళుకులను చూచి ఇల్లు కొనువాడు వానాకాలంలో కప్పు సంగతి తెలుసుకొంటాడు. తళుకులను చూచి చక్రాల ఇల్లు కొనువాడు ఎడారి మధ్య, విరిగిన పాలను, వేడెక్కిన మందు సీసాను చూచి తెలుసుకొంటాడు. దారి ఎంచుకొన్న తరువాత పెట్టెను, పెట్టెను ఎంచుకొన్న తరువాత బండిని ఎంచుకొనుటే వివేకం.