అమెరికాలో నర్సింగ్, ఫార్మసీ: క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అయినా సీటు దగ్గర ఎందుకు పనికిరావు?

హైదరాబాద్‌లో బీఎస్సీ చేసి, పెళ్లయ్యాక హెచ్-4 వీసాపై అమెరికా వెళ్లిన అమ్మాయి మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఉండే ఉంటుంది. కొన్నాళ్లు ఖాళీగా ఉండి, నర్సింగ్ చేద్దామనుకుందనుకోండి. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరి అనాటమీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ఒక్కొక్కటిగా పూర్తి చేసింది. ఇవన్నీ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతాయని కాలేజీలో చెప్పారు. అయ్యాయి కూడా. తీరా నర్సింగ్‌కు దరఖాస్తు పెడితే, రెండు కోర్సులు మళ్లీ చదివి రమ్మన్నారు. ఫీజు పోయింది, ఏడాది పోయింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. తిరకాసు వ్యవస్థలోనే ఉంది.

మన దగ్గర ఇంటర్‌లో బైపీసీ ఉంటే నీట్‌కో, ఈఏపీసెట్‌కో అర్హత వచ్చేసినట్టే. అమెరికాలో నర్సింగ్, ఫార్మసీ, ఫిజికల్ థెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులకు కాలేజీ స్థాయిలో ముందే చదవాల్సిన సబ్జెక్టులు కొన్ని ఉంటాయి. వాటినే ప్రీరిక్విజిట్లు అంటారు. ఏవేవి కావాలో, ఎంత గ్రేడు రావాలో ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామే నిర్ణయించుకుంటుంది.

రెండు కౌంటర్లు, రెండు జవాబులు

మీ పాత కోర్సును యూనివర్సిటీ రికార్డుల్లోకి తీసుకునేది రిజిస్ట్రార్ ఆఫీసు. అదే కోర్సును ప్రీరిక్విజిట్‌గా ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేది నర్సింగ్ విభాగం అడ్మిషన్ల కమిటీ. మొదటి చోట సరే అంటే రెండో చోటా సరే అన్నట్టు కాదు. మీ మైక్రోబయాలజీ రికార్డుల్లో 'ఎలక్టివ్' కింద చేరిందంటే, క్రెడిట్లు కనిపిస్తాయి కానీ నర్సింగ్ సీటుకు అక్కరకు రావు.

క్రెడిట్లు నష్టపోవడం అక్కడ పుట్టి పెరిగిన విద్యార్థులకూ మామూలే. అమెరికా ప్రభుత్వ ఖర్చులపై నిఘా పెట్టే గావో సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004-2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అంచనా. అది అన్ని రకాల చదువులకూ కలిపి వేసిన లెక్క.

రాష్ట్రం మారితే అసలు కష్టం

తెలుగు కుటుంబాలకు ఎక్కువ తగిలే దెబ్బ ఇది. భర్త ప్రాజెక్టు మారింది, కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ వెళ్లాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో చాలా కాలేజీలు అనాటమీ ఒక కోర్సుగా, ఫిజియాలజీ మరో కోర్సుగా చెబుతాయి. టెక్సాస్‌లో రెండూ కలిపి, శరీర వ్యవస్థల వారీగా రెండు భాగాలు చేసి, మొదటిది, రెండోది అంటారు. మీరు అనాటమీ ఒక్కటే ముగించి వెళ్లారంటే, అది అక్కడి మొదటి భాగానికీ పూర్తిగా సరిపోదు, రెండో భాగానికీ సరిపోదు. రెండు భాగాలూ ఒకే కాలేజీలో చదివి ఉండాలని పట్టుబట్టే ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. ఇల్లు మారే సూచన ఉంటే ఈ జంట కోర్సులను సగంలో వదలకండి. రెండూ ముగించే వీలు లేకపోతే, కొత్త ఊళ్లోనే మొదలుపెట్టడం నయం.

వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల్లో సెమిస్టర్లు కాదు, క్వార్టర్లు ఉంటాయి. అక్కడి 5 క్రెడిట్లు సెమిస్టర్ లెక్కలో 3.33 మాత్రమే. 4 అడిగే చోట అంత చిన్న తేడాకే ఆగిపోవచ్చు.

కాలం చెల్లే సమస్య కూడా ఉంది. సైన్స్ కోర్సులు గత 5 లేదా 7 ఏళ్లలో చదివినవై ఉండాలని చాలా ప్రోగ్రామ్‌ల నిబంధన. ఆన్‌లైన్ ల్యాబ్‌ను, పాస్-ఫెయిల్ గ్రేడును ఒప్పుకోనివీ ఉన్నాయి. ఫిజీషియన్ అసిస్టెంట్ దరఖాస్తులు తీసుకునే కాస్పా విధానంలో, ఒక కోర్సు రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లూ సగటులోకి వస్తాయి. పాతది చెరిగిపోదు.

ఇండియా డిగ్రీ మాటేమిటి?

వెస్ లాంటి సంస్థల చేత సబ్జెక్టుల వారీగా మూల్యాంకనం చేయించాలి. మొత్తం డిగ్రీకి మాత్రమే ఇచ్చే నివేదిక ఇక్కడ చాలదు. అదంతా అయ్యాక కూడా, సైన్స్ ప్రీరిక్విజిట్లు అమెరికా కాలేజీలోనే చదవాలనే ప్రోగ్రామ్‌లు తక్కువేం కాదు.

బీఫార్మసీ వాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు అక్కడ లైసెన్స్ దారి చూపే సర్టిఫికెట్ కావాలంటే, 2003 జనవరి 1 తర్వాత చదువు ముగించినవారికి కనీసం 5 ఏళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. మన ఆరేళ్ల ఫార్మ్‌డీకి ఈ అడ్డు లేదు. బీఫార్మసీతో వెళ్లినవారు అక్కడ మళ్లీ ఫార్మ్‌డీలో చేరాల్సిందే, అంటే ప్రీరిక్విజిట్ల దగ్గరకు రావాల్సిందే. కన్సల్టెన్సీలు ఈ సంగతి ముందే ఎందుకు చెప్పవో వాళ్లకే తెలియాలి.

ఏం అడగాలి?

'నా కోర్సు ట్రాన్స్‌ఫర్ అవుతుందా?' అని అడిగితే 'అవును' అనే వస్తుంది. అలా కాకుండా, మీరు చేరదలచుకున్న ప్రోగ్రామ్ అడ్మిషన్ల ఆఫీసుకు నేరుగా మెయిల్ రాయండి. కాలేజీ పేరు, కోర్సు నంబరు, క్రెడిట్లు, ల్యాబ్ ఎలా జరుగుతుందో చెప్పి, 'దీన్ని మీ మైక్రోబయాలజీ ప్రీరిక్విజిట్‌గా లెక్కిస్తారా?' అని అడగండి. ఫీజు కట్టకముందే జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు. ప్రతి కోర్సు సిలబస్ కాపీ దాచుకోండి, సందేహం వస్తే ముందు అడిగేది అదే. కాలిఫోర్నియాలో అసిస్ట్ వెబ్‌సైట్, టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఉమ్మడి కోర్సు నంబర్లు కొంత పని తగ్గిస్తాయి. కానీ అవి ఆ రాష్ట్రం దాటితే పెద్దగా పనికిరావు.

వీసా కూడా చూసుకోండి. హెచ్-4 వారు ఫుల్‌టైమ్ చదవొచ్చు. ఎఫ్-2 వారికి పార్ట్‌టైమ్‌కే అనుమతి. ప్రీరిక్విజిట్లు ఒక్కొక్కటిగా చదువుకోవచ్చు కానీ, ఫుల్‌టైమ్ నర్సింగ్‌లో చేరాలంటే ముందు ఎఫ్-1కు మారాలి.

ప్రీరిక్విజిట్ల జాబితాలు మారుతుంటాయి. ఈ ఏడాది జాబితా చూసి మొదలుపెట్టినా, మీరు చేరబోయే సంవత్సరానిది రాగానే మరోసారి సరిచూసుకోండి.