వేగును ఎవరి చేతికిస్తున్నాం?

సొంత సర్వరు నడుపుకునేవారిలో చాలామంది వేగులను నేరుగా గమ్యానికి పంపరు. ఇంటి అంతర్జాల కనెక్షన్ల నుంచి వచ్చే వేగులను పెద్ద సర్వర్లు తరచు తిరస్కరిస్తాయి కనుక, పేరున్న మరో సర్వరుకు అప్పగించి అక్కడినుంచి ముందుకు పంపిస్తారు. దీన్నే రిలే అంటాం. పొరుగూరు వెళ్ళే మనిషి చేతికి ఉత్తరం ఇచ్చి పంపడం వంటిదిది. కాకపోతే ఇక్కడ ఉత్తరంతోబాటు తాళంచెవి కూడా ఇస్తాం. మనల్ని గుర్తించడానికి రిలే సర్వరు అడిగే సంకేతపదమే ఆ తాళంచెవి.

1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎమ్‌టీపీ నియమావళి రాసిననాడు అందులో సంకేతపదమూ లేదు, గుప్తీకరణా లేదు. రెండూ 1999లో విడివిడి ప్రమాణాలుగా వచ్చి చేరాయి. పాత ఇంటికి తర్వాత బిగించిన తలుపులు కనుక, గడియ పెట్టుకోవలసిన బాధ్యత మనదే.

పోస్ట్‌ఫిక్స్‌లో ఆ గడియకు ప్రధానంగా మూడు స్థాయిలున్నాయి. 'మే' అంటే, అవతలివారు గుప్తీకరణ ఉందంటే సరే, లేదంటే బాహాటంగానే పంపడం. దారిలో ఎవరైనా 'స్టార్ట్‌టీఎల్ఎస్' అన్న ఒక్క మాటను చెరిపేస్తే చాలు, వేగు బట్టబయలవుతుంది. సంకేతపదాన్ని సాదాగా పంపవద్దన్న సహజ నిబంధనను మనమే సడలించి ఉంటే అదీ పోతుంది. 'ఎన్‌క్రిప్ట్' గుప్తీకరణ లేనిదే పంపదు గాని, ఎదుటివారెవరో విచారించదు. దొంగతోనైనా రహస్యంగానే మాట్లాడుతుంది. 'సెక్యూర్' మాత్రమే ధ్రువపత్రాన్నీ, అందులోని పేరునూ సరిచూస్తుంది.

లోకంలోని సర్వర్లన్నిటికీ నేరుగా పంపేవారికి 'మే' తప్పకపోవచ్చు. అందరి ధ్రువపత్రాలూ సరిగా ఉండవు. కానీ రిలేలో అవతల ఉన్నది ఒక్కరే, మనం పేరు తెలిసి ఎంచుకున్నవారే. అక్కడా 'మే'తో సరిపెట్టుకోవడం బద్ధకమే తప్ప లౌక్యం కాదు. నేనూ చాలాకాలం ఆ బద్ధకంలోనే ఉన్నాను.

ధ్రువపత్రం గడువు తీరితే వేగులు ఆగిపోవా అంటారు. ఆగుతాయి. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులపాటు వాటిని వరుసలో ఉంచి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆగిన ఉత్తరం రేపు చేరుతుంది. పోయిన తాళంచెవితో మన పేరుమీద చెత్తవేగులు ఊరేగితే, ఆ పోయిన పరువు అంత త్వరగా తిరిగిరాదు.

ఇంతా చేసి మనం కాపాడింది రిలే గుమ్మం వరకే. ఆపైన ఉత్తరం వారి చేతిలో విప్పి ఉన్న కాగితమే. అందుకే, ఎవరి చేతికిస్తున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఆ సంకేతపదం రాసిన దస్త్రాన్ని రూట్ తప్ప మరెవ్వరూ చదవకుండా కట్టడి చేయడం మాత్రం ఈ రాత్రికే ముగించదగ్గ పని.