తూకం తప్పని కంప్యూటర్

పరీక్షలు ముగిసి కళాశాల ప్రవేశాల కాలం రాగానే చాలా ఇళ్లలో ఒక కోరిక తలెత్తుతుంది. ఇంజనీరింగ్‌లో చేరబోయే అబ్బాయికి కంప్యూటర్ కావాలి. అది చదువుకు పనికిరావాలి, తీరిక వేళ ఆటలాడుకోవడానికీ పనికిరావాలి. తండ్రి నెలల తరబడి కొంత సొమ్ము కూడబెడతాడు. తల్లి ఇంటి ఖర్చులలో మిగిల్చినది దానికి కలుపుతుంది. అలా సమకూరిన సొమ్మంతా దుకాణంలో ఒక్క పూటలో ఖర్చయిపోతుంది. అందుకే ఆ పూటకు ముందు కొంత ఆలోచన అవసరం.

ఇలాంటి కొనుగోళ్లలో ధర ఎక్కువ పెట్టడం వల్ల కలిగే నష్టం కంటే, సొమ్మును భాగాల మధ్య సరిగా పంచకపోవడం వల్ల కలిగే నష్టమే పెద్దదని మా అభిప్రాయం. ఒక భాగం మీద అతిగా ఖర్చుపెట్టి మరొకదానిని చిన్నచూపు చూస్తే, ఖరీదైన భాగం తన శక్తిని చూపలేదు. చౌక భాగం దానిని వెనక్కు లాగుతూనే ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది?

ఆటలో తెరమీద కనిపించే ప్రతి చిత్రాన్నీ రెండు భాగాలు కలిసి తయారుచేస్తాయి. ఎవరు ఎక్కడున్నారు, ఏది ఎటు కదలాలి అనే లెక్కను ప్రాసెసర్ వేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మను గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. వంటింట్లో ఒకరు రొట్టెలు ఒత్తుతుంటే మరొకరు పెనం మీద కాల్చడం వంటిదే ఇది. ఒత్తేవారు ఎంత చురుకైనవారైనా, పెనం మీద ఒకటే రొట్టె పడితే రొట్టెలు పెనం వేగానికే సిద్ధమవుతాయి.

అంకెలలో చూద్దాం. ఒక ఆటలో ఒక్కో చిత్రానికి ప్రాసెసర్‌కు 8 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డుకు 20 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. అప్పుడు సెకనుకు 50 చిత్రాలు వస్తాయి. మరికొన్ని వేలు పోసి 5 మిల్లీసెకన్లలో పని ముగించే ప్రాసెసర్ తెచ్చినా అవే 50 చిత్రాలు వస్తాయి. అదే సొమ్ము గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టి 20ని 12కు తగ్గిస్తే సెకనుకు 83 చిత్రాలు అందుతాయి.

అయితే ఆటలన్నీ ఒకే తీరున ఉండవు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు ప్రాసెసర్ మీద ఎక్కువగా ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటి కథా ప్రధానమైన ఆటలు గ్రాఫిక్స్ కార్డును శ్రమపెడతాయి. కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు అబ్బాయిని అడగవలసిన మొదటి ప్రశ్న, 'నువ్వు ఏ ఆటలు ఆడతావు?' అన్నదే.

తెరతో మొదలుపెట్టాలి

రెండవ ప్రశ్న తెర గురించి. చాలామంది దీనిని చివరకు వదిలేస్తారు. నిజానికి ఎంత శక్తిగల కార్డు అవసరమో నిర్ణయించేది తెరే. 1920×1080 తెరలో దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలు ఉంటాయి. 2560×1440 తెరలో దాదాపు 36 లక్షల 86 వేలు ఉంటాయి. 4కే తెరలో మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. చుక్కలు పెరిగిన కొద్దీ కార్డు మీద భారం పెరుగుతుంది. పరిమితమైన సొమ్ముతో కొనేవారికి 1920×1080 తెర చాలు.

తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో కూడా చూడాలి. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 చిత్రాలనే చూపగలదు. కార్డు 140 చిత్రాలు తయారుచేసినా కంటికి అందేవి అంతే. పాత మానిటర్‌కు వీజీఏ తీగ ఒక్కటే ఉంటే మరో చిక్కు. నేటి గ్రాఫిక్స్ కార్డులకు ఆ రంధ్రం ఉండదు, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటాయి.

సొమ్మును ఎలా పంచాలి?

విడిభాగాల ధరలు నెల నెలా మారుతుంటాయి. కాబట్టి ధరలను గుర్తుపెట్టుకోవడం కంటే పాళ్లను గుర్తుపెట్టుకోవడం మేలు. మానిటర్, కీబోర్డు, మౌస్ కాక 60,000 రూపాయలు చేతిలో ఉన్నాయనుకుంటే మేము సూచించే పంపకం ఇది: గ్రాఫిక్స్ కార్డుకు 24,000, ప్రాసెసర్‌కు 10,200, మదర్‌బోర్డుకు 7,200, ర్యామ్‌కు 5,400, ఎస్‌ఎస్‌డీకి 4,800, ఎస్‌ఎంపీఎస్‌కు 4,800, క్యాబినెట్‌కు 3,600. అంటే కార్డుకు నూటికి 40, ప్రాసెసర్‌కు 17. వెయ్యీ రెండు వేలూ అటూ ఇటూ కావచ్చు. ర్యామ్ ధర పెరిగిన నెలలో క్యాబినెట్ నుంచి కొంత దానికి మళ్లించవచ్చు. కానీ ఏ ఒక్కదాని వాటా సగానికి పడిపోకూడదు.

ఈ స్థాయిలో జత కుదిరే భాగాలకు ఒక ఉదాహరణ చెబుతాము. ఆరు కోర్ల రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కు 8 జీబీ మెమరీ గల ఆర్ఎక్స్ 6600 గాని, ఆర్‌టీఎక్స్ 4060 గాని తగిన జోడు. పోటీ ఆటలే ఆడేవారికి నాలుగు కోర్ల కోర్ ఐ3-12100ఎఫ్ కూడా సరిపోతుంది. కొత్త ఆటలకు 4 జీబీ మెమరీ గల కార్డులు చాలడం లేదు. వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ర్యామ్ విషయంలో ఒక మెళకువ ఉంది. 16 జీబీ ఒకే కడ్డీగా కాక, 8 జీబీ కడ్డీలు రెండు తీసుకోవాలి. 3200 వేగం గల డీడీఆర్4 కడ్డీ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ సమాచారం కదలగలదు. రెండు వేర్వేరు ఛానళ్లలో ఉంటే 51.2 జీబీ. పైగా పెట్టెమీద రాసిన వేగం దానంతట అది రాకపోవచ్చు. మదర్‌బోర్డు బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే ఏర్పాటును ఆన్ చేయాలి. కంప్యూటర్ బిగించినవారి చేతనే ఆ పని చేయించుకోవాలి.

ఎవరూ చూడని భాగం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊరి దుకాణానికి వెళ్లినా కొటేషన్ కాగితం తీసుకుని నింపాదిగా చదవండి. ప్రాసెసర్ పేరు, కార్డు పేరు పూర్తిగా రాసి, చివరన 'ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు' అని మాత్రమే ఉంటే ఆగి అడగండి. ఏ కంపెనీది? ఏ మోడల్? ఎన్నేళ్ల వారంటీ?

గోడలోని కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చేది ఈ ఎస్‌ఎంపీఎస్. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మార్గం మీదనే ప్రధానంగా ఆధారపడతాయి. అందుకే పెట్టెమీది పెద్ద అంకెను నమ్మకుండా, పక్కనున్న పట్టీలో 12 వోల్టుల మీద ఎన్ని వాట్లు ఇస్తుందో చూడాలి. '80 ప్లస్' గుర్తు విద్యుత్తు వృథా తక్కువని చెబుతుంది. ఆపద వేళ కంప్యూటర్‌ను కాపాడుతుందని ఆ గుర్తు హామీ ఇవ్వదు. అధిక వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్‌ల నుంచి రక్షణ ఉందో లేదో వేరుగా అడగాలి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే తాను ఒక్కటే పోకపోవచ్చు. మదర్‌బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోవచ్చు. అక్కడ మిగిల్చిన రెండు వేలు ఇరవై వేల నష్టానికి దారితీయవచ్చు.

అలాగని వెయ్యి వాట్లది కొనడమూ దుబారాయే. ఆర్‌టీఎక్స్ 4060 వాడకం 115 వాట్లు, రైజెన్ 5 5600 స్థాయి 65 వాట్లు. తక్కినవి కలిపినా నికరమైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ నిశ్చింతగా సరిపోతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో యూపీఎస్ కూడా లెక్కలో ఉండాలి. మార్కెట్లో సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు దాదాపు 360 వాట్లే భరిస్తాయి. పైన చెప్పిన కంప్యూటర్‌కు, మానిటర్‌తో కలిపి, పని దాచుకుని ఆపివేయడానికి అది చాలు. కార్డు పెద్దదైతే చాలదు.

సొమ్ము చాలకపోతే?

వడ్డీ వాయిదాలకు వెళ్లనవసరం లేదు. రెండు విడతలుగా కొనే మార్గముంది. రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌లో చిత్రాలు చూపే శక్తి లోపలే ఉంటుంది. దానితో చదువు, ప్రోగ్రామింగ్, తేలికపాటి ఆటలు సాగుతాయి. ఏడాది తర్వాత కార్డు చేర్చుకోవచ్చు. అయితే దీని క్యాష్ మెమరీ 16 ఎంబీ, 5600లో అది 32 ఎంబీ. పైగా ఇది పాత తరం పీసీఐఈ 3.0 మార్గాన్నే ఇస్తుంది. కాబట్టి కార్డు చేర్చాక కొంత వేగం తగ్గుతుంది. ఆ తగ్గుదలకు సిద్ధపడితే ఇది మంచి మార్గమే. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లతో ఈ పద్ధతి కుదరదు. వాటిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు కనుక కార్డు లేనిదే తెరమీద ఏమీ కనిపించదు. విడతలుగా కొనేవారు మంచి ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మొదటి విడతలోనే తీసుకోవాలి.

వాడిన కార్డులు చౌకగా దొరుకుతాయి. క్రిప్టో కరెన్సీ తవ్వకంలో నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచినవి వాటిలో ఉండవచ్చు. వారంటీ మిగిలి ఉండి, కళ్లముందు అరగంట ఆట నడిపి చూపితేనే తీసుకోండి.

చివరగా, డబ్బు చెల్లించే ముందు ప్రతి భాగం పేరు, మోడల్, సీరియల్ నంబరు జీఎస్‌టీ బిల్లులో రాయించుకోండి. పెట్టెలను ఇంటికి తెచ్చి వారంటీ ముగిసేదాకా దాచండి. కొటేషన్ కాగితాన్ని పిల్లలతో కలిసి కూర్చుని ఒక్కో వరుసా చదవండి. ఏ వరుసకు ఎంత, ఎందుకు అన్నది అబ్బాయే వివరించి చెప్పాలి. అతడు చెప్పలేకపోయిన వరుస దగ్గర ఆగి, తెలుసుకున్న తర్వాతే దుకాణానికి బయలుదేరండి.