చుక్కల మందు - చూపు భయం

కంటి ఆసుపత్రిలో వైద్యుని గది ముందర వరుసగా వేసిన బల్లలపై కొందరు కళ్ళు మూసుకుని కూర్చుని ఉండటం తెలుగునాట ఏ పట్టణంలోనైనా కనిపించే దృశ్యమే. సహాయకులు వారి కళ్ళలో చుక్కల మందు వేసి, అరగంట సేపు కళ్ళు తెరవవద్దని చెప్పి, మరొకరి వద్దకు వెళ్ళిపోతారు. ఆ మందు ఎందుకు వేశారో, దాని ప్రభావం ఎంతసేపు ఉంటుందో కూర్చున్నవారిలో చాలామందికి తెలియదు. కొంతసేపటికి కళ్ళు తెరిస్తే చేతిలోని చీటీపై అక్షరాలు అలికినట్లుగా ఉంటాయి. కిటికీలోనుంచి వచ్చే వెలుగు ముల్లులా గుచ్చుకుంటుంది. చూపు బాగుచేయించుకోవడానికి వచ్చిన మనిషికి ఉన్న చూపు కూడా పోయినట్లు తోస్తుంది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. చెప్పవలసినవారు చెప్పకపోవడం వల్ల పుట్టిన భయమది. అయితే ఆ భయంతో పరీక్షనే మానుకున్నవారు చెల్లించే మూల్యం మాత్రం చాలా పెద్దది.

కంటి నల్లగుడ్డు నడుమ కనిపించే కనుపాప నిజానికి ఒక ద్వారం. మండుటెండలో అది రెండు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకటిలో ఏడెనిమిది మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. ఈ ఏర్పాటు కన్నును కాపాడుతుంది, కాని వైద్యునికి అడ్డమవుతుంది. కంటి వెనుక గోడకు అంటుకుని ఉన్న రెటీనా అనే పలుచని పొరను చూడాలంటే లోపలికి దీపం వేయాలి. దీపం వేయగానే కనుపాప ముడుచుకుంటుంది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరాన్ని వెల్లడించేవరకు, బతికి ఉన్న మనిషి కంటిలోని రెటీనాను పరిశీలించే సాధనమే వైద్యుల చేతిలో లేదు. పరికరం వచ్చినా ద్వారం చిన్నదైతే కనిపించేది కొద్దిభాగమే. తలుపు సందులోనుంచి చూస్తే గదిలో ఎదురుగా ఉన్న మంచం కనిపిస్తుంది. మూలన చుట్ట చుట్టుకున్న పాము కనిపించదు. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారి రెటీనా అంచులలో పడే చిరుగులు అటువంటి మూలలలోనే దాగి ఉంటాయి. తలుపు పూర్తిగా తీసి చూడటానికే ఈ చుక్కల మందు.

కనుపాపను ముడిచే కండరం ఒకటి, విప్పే కండరం మరొకటి నల్లగుడ్డులో ఉన్నాయి. ట్రోపికమైడ్ అనే మందు మొదటిదాని పట్టు సడలిస్తుంది. ఫినైలెఫ్రిన్ రెండవదానికి బలమిస్తుంది. ఈ రెండింటినీ కలిపిన చుక్కలే భారతదేశంలోని కంటి ఆసుపత్రులలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఇటువంటి గుణం గల పదార్థాలు మనుషులకు కొత్తవి కావు. ఒకప్పుడు ఇటలీలో స్త్రీలు కళ్ళు పెద్దవిగా, అందంగా కనిపించాలని ఒక మొక్క రసాన్ని కంటిలో వేసుకునేవారు. ఆ మొక్కకు బెల్లడోనా, అంటే అందమైన స్త్రీ, అని పేరు నిలిచింది. అందులోని అట్రోపిన్ తెలుగువారికి బాగా తెలిసిన ఉమ్మెత్తలోనూ ఉంది. వినాయక చవితి పత్రిలో చేరే ఉమ్మెత్త ఆకును తుంచిన చేతితో కన్ను నులుముకుంటే ఆ కనుపాప పెద్దదై చూపు మసకబారవచ్చు. ఇంట్లోవారు హడలిపోతారు, కొన్ని రోజులకు అదే సర్దుకుంటుంది. మొక్కనుంచి అంటిన రసానికి కొలత ఉండదు. ఆసుపత్రిలో వేసే మందుకు కొలత ఉంది, గడువూ ఉంది.

ఆ గడువు అన్ని మందులకూ ఒకటి కాదు. ట్రోపికమైడ్ ప్రభావం సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. కొందరిలో మరునాటి ఉదయం వరకు సాగవచ్చు. పిల్లలకు కళ్ళద్దాల కొలత కచ్చితంగా తేల్చడానికి వాడే సైక్లోపెంటొలేట్ సుమారు ఒక రోజు, అట్రోపిన్ వారం నుంచి రెండు వారాల వరకు పనిచేస్తాయి. పక్కింటివారి కన్ను సాయంత్రానికే మామూలైతే తమ పిల్లవాని కన్ను మూడవ రోజుకూ తేరుకోలేదని తల్లి కంగారుపడటానికి ఈ తేడాయే కారణం. మందు పేరు చెప్పకపోయినా, ఎన్ని రోజులు ఉంటుందో చెబితే ఆ తల్లికి మూడు రాత్రుల నిద్ర దక్కేది.

మరికొన్ని సందేహాలు చూడటానికి చిన్నవి, పడేవారికి పెద్దవి. ఒకసారి వేసిన మందు చాలక మళ్ళీ మళ్ళీ వేస్తున్నారంటే తన కంటిలో ఏదో పెద్ద లోపం ఉందని రోగి అనుకుంటాడు. నల్లని కళ్ళలోని వర్ణద్రవ్యం మందును పట్టి ఉంచుకుంటుంది గనుక, నీలికళ్ళవారికంటే నల్లకళ్ళవారికి కనుపాప నెమ్మదిగా విచ్చుకుంటుంది. అందులో లోపమేమీ లేదు. కంటిలో వేసిన మందు గొంతులో చేదుగా తగలడం మరొక వింత. కంటి లోపలి మూలనుంచి ముక్కులోకి ఒక సన్నని కన్నీటి నాళం ఉంది. మందు వేసిన తరువాత ఆ మూలను వేలితో మెల్లగా అదిమి పట్టుకుంటే చేదు తగ్గుతుంది, మందు కూడా కంటిలోనే నిలుస్తుంది. చత్వారం వచ్చినవారికి దగ్గరి చూపులో పెద్ద తేడా తెలియకపోవచ్చు గాని వెలుగు మాత్రం బాధిస్తుంది. చదువుకునే వయసువారికి ఆ పూట పుస్తకం అందదు.

అన్నిటికంటె బలంగా నాటుకున్న భయం మరొకటి ఉంది. "ఆ చుక్కలు వేసిన తరువాతనే కన్ను పాడైంది" అన్న మాట ఊళ్ళలో తరచుగా వినిపిస్తుంది. పరీక్షకు ముందు ఆ మనిషికి ఏ బాధా లేదు. మందు వేశారు, లోపల చూశారు, రెటీనాలో రక్తం చిమ్మిందని చెప్పారు. ఆరు నెలలకు చూపు తగ్గింది. జరిగినవాటిని వరుసలో పెట్టి చూస్తే మందే దోషిగా కనిపిస్తుంది. నిజానికి మందు వేయడానికి ఎంతో ముందే వ్యాధి అక్కడ ఉంది. దొంగను చూపించిన దీపంపై దొంగతనం మోపినట్లుంది ఈ తీర్పు. అయినా ఒక ఇంట్లో పుట్టిన ఈ మాట పది ఇళ్ళను పరీక్షకు దూరం చేయగలదు.

భయానికి ఆధారమే లేదనడం కూడా సరికాదు. కార్నియాకు, నల్లగుడ్డుకు మధ్య ఉన్న కోణం ఇరుకుగా ఉన్న కొందరిలో కనుపాప విచ్చుకున్నప్పుడు కంటిలోని ద్రవం బయటికి పోయే దారి మూసుకుపోవచ్చు. అప్పుడు కంటిపీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. తీవ్రమైన నొప్పి, ఎరుపు, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు దాని గుర్తులు. ఇది అరుదు. వైద్యులు ముందుగానే స్లిట్ ల్యాంపుతో ఆ కోణం లోతును అంచనా వేసి మందు వేయవచ్చునో లేదో నిర్ణయిస్తారు. కాని ఇంటికి వెళ్ళిన తరువాత ఈ గుర్తులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదన్న సంగతి రోగికి తెలిసి ఉండాలి. ఫినైలెఫ్రిన్ రక్తపోటును పెంచవచ్చు గనుక గుండెజబ్బు ఉన్నవారు ఆ విషయం ముందే చెప్పుకోవాలి. అట్రోపిన్ వేసిన పిల్లలకు ముఖం ఎర్రబడి, నోరు ఎండి, జ్వరం వస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. ప్రమాదాన్ని దాచి ధైర్యం చెప్పడం కంటె ప్రమాదాన్ని చెప్పి జాగ్రత్త నేర్పడమే మేలు.

ఈ పరీక్ష ఎవరికి అత్యవసరమో వారే దానిని ఎక్కువగా వాయిదా వేస్తారు. మధుమేహం రెటీనాలోని సన్నని రక్తనాళాలను నెమ్మదిగా దెబ్బతీస్తుంది. నొప్పి ఉండదు. చాలాకాలం చూపూ తగ్గదు. గోడపై అక్షరాల పట్టికను కిందివరుస దాకా చదవగలిగిన మనిషి రెటీనాలో కూడా వ్యాధి ముదిరి ఉండవచ్చు. పెద్దవారిలో వచ్చే రెండవ రకం మధుమేహం బయటపడేనాటికే శరీరంలో కొన్నేళ్ళుగా ఉండి ఉండవచ్చు. అందుకే వ్యాధి ఉందని తెలిసిన వెంటనే ఒకసారి, ఆపైన ఏటా ఒకసారి రెటీనాను చూపించుకోవాలని వైద్యశాస్త్రం చెబుతుంది. అమెరికాలో 1970లలో జరిగిన విస్తృత పరిశోధన, ముదిరిన దశలో సకాలంలో చేసే లేజరు చికిత్స తీవ్ర దృష్టినష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. తరువాత కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అయితే లేజరు ముఖ్యంగా ఉన్న చూపును నిలుపుతుంది. పోయిన చూపును తిరిగి తెస్తుందన్న హామీ లేదు.

నీటికాసులని పిలిచే గ్లాకోమా సంగతీ ఇంతే. హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు ప్రాంతాలలో పదివేల మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించింది. గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు తమకు ఆ వ్యాధి ఉందని అంతకుముందు తెలియనే తెలియదని ఆ సర్వేలో బయటపడింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకైతే వ్యవధి మరీ తక్కువ. రెండు కిలోలకంటె తక్కువ బరువుతోగాని, 34 వారాలు నిండకముందేగాని పుట్టిన బిడ్డ రెటీనాను 30 రోజుల లోపల చూడాలి. ఆ పసికందు కంటిలో కూడా పలుచన చేసిన ఈ చుక్కలే వేస్తారు. వద్దని బిడ్డను ఎత్తుకుపోయిన తల్లిదండ్రులకు మరుసటి నెలలో అదే అవకాశం ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇంత తెలిసిన తరువాత కూడా పరీక్షకు రానివారున్నారు. వారందరినీ భయస్థులనడం పొరపాటు. చుక్కల మందు ఖరీదు కొద్ది రూపాయలే కావచ్చు. దాని అసలు ఖరీదు వేరు. మందు వేసిన కళ్ళతో బండి నడపరాదు. ఎండలో ఒంటరిగా బస్సెక్కడం వృద్ధులకు కష్టం. కాబట్టి తోడు కావాలి. కూలికి పోయే ఇంట్లో తోడు రావడమంటే ఇద్దరి కూలి పోవడమే. కొడుకు ఖాళీ అయ్యేదాకా ఆగుదామని నెలల తరబడి ఆగే ముసలి తల్లులు ఎందరో. ఆమె ఆగుతుంది, వ్యాధి ఆగదు. ఉదయం వచ్చినవారిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, అప్పుడు మందు వేసి, ఎర్రని ఎండలో బయటికి పంపే ఆసుపత్రులు ఈ లెక్కను ఎన్నడూ వేసినట్లు కనిపించదు. రాగానే కోణం చూసి మందు వేసి, మిగిలిన పరీక్షలలో చుక్కలకు ముందు చేయవలసినవి ఏవో, తరువాత చేయదగినవి ఏవో సర్దుకుంటే ఒక పూట మిగులుతుంది.

విచిత్రమేమంటే చుక్కల మందుకు జంకే ఇళ్ళలోనే కంటిలో నలుసు పడితే ఆకు పసరు పిండటానికి ఎవరూ జంకరు. ఆ పసరుతో చేరే బూజు, సూక్ష్మక్రిములు కార్నియాపై పుండు చేసి శాశ్వతంగా మచ్చ మిగల్చగలవు. కళ్ళు ఎర్రబడితే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చుక్కలలో స్టిరాయిడ్ ఉండవచ్చు. రెండు రోజులలో ఎరుపు పోతుంది, హాయిగా ఉంటుంది. అదే సీసాను నెలల తరబడి వాడితే కంటిపీడనం పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లమూ రావచ్చు. మంట పుట్టించి సాయంత్రానికి పోయే మందుకు భయపడి, హాయినిచ్చి చూపు తీసే మందును నమ్మడం కంటి విషయంలో జరిగే పెద్ద మోసం. భయపడవలసిన చోటు మారింది.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన కంటి వెలుగు, 2019లో అదే పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కార్యక్రమం, 2023లో తెలంగాణలో జరిగిన రెండవ విడత - ఇవన్నీ కంటి పరీక్షను ఊరి నడుమకు తెచ్చాయి. లక్షల మంది కళ్ళద్దాలు అందుకున్నారు. అది సామాన్యమైన మేలు కాదు. కాని కళ్ళద్దాలు చేతికి రాగానే కంటి పరీక్ష పూర్తయిందని చాలామంది అనుకుంటారు. అక్షరాల పట్టిక చదివించే పరీక్ష కంటి ముందుభాగపు లెక్క. రెటీనా లెక్క వేరు. మధుమేహం ఉన్నవారు కొత్త కళ్ళద్దాలతో పాటు ఆ రెండవ లెక్క కూడా అడిగి తేల్చుకోవాలి.

మందు వేయకుండానే రెటీనాను ఛాయాచిత్రం తీసే కెమెరాలు ఇప్పుడు అనేక చోట్ల ఉన్నాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, వైద్యుని ప్రమేయం లేకుండానే ఆ చిత్రాలలో మధుమేహపు మార్పులను గుర్తించే కృత్రిమ మేధ వ్యవస్థకు అనుమతి ఇచ్చింది. ఊరిలోనే మొదటి జల్లెడ పట్టడానికి ఇవి ఎంతగానో ఉపకరిస్తాయి. అయినా శుక్లం ఉన్నవారిలో, వయసు మీరి కనుపాప చిన్నదైనవారిలో చిత్రం మసకగా వస్తుంది. మామూలు కెమెరాకు రెటీనా నడిమి భాగమే అందుతుంది. అనుమానం కలిగిన కన్నుకు చివరకు చుక్కలు వేయక తప్పదు.

కాబట్టి చుక్కల మందుతో రోగికి పరిచయం ఆసుపత్రి బల్లపై కాక, ఇంటివద్దనే జరగాలి. పరీక్షకు రావలసిన తేదీ రాసే చీటీపైనే తోడుగా ఒకరిని తెచ్చుకోవాలని, బండి నడుపుకుంటూ రావద్దని, చలువ కళ్ళద్దాలుగాని గొడుగుగాని వెంట ఉంచుకోవాలని తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించవచ్చు. చదవలేనివారికి ఆ మాటలే ముందురోజు ఫోనులో చెప్పవచ్చు. మందు వేసే సహాయకురాలు, "అమ్మా, ఇది లోపల చూడటానికి వేసే మందు. సాయంత్రం దాకా మసకగా ఉంటుంది, తరువాత పోతుంది. నొప్పిగాని వాంతిగాని వస్తే వెంటనే రండి" అని చెప్పడానికి పట్టేది అర నిమిషం. మందు పనిచేయడానికి ఎలాగూ అరగంట ఆగాలి.