శ్లేష కావ్యానికి అందం, కుళాయికి ప్రమాదం

“యాంటీఫ్రీజ్ అంటే యాంటీఫ్రీజే కదండీ, అందులో మళ్ళీ రకాలేమిటి?”

అమెరికాలో మన తెలుగువారి నోట ఈ మాట నేను ఒకటికి నాలుగుసార్లు విన్నాను. అన్నవారెవరూ అక్షరజ్ఞానం లేనివారు కారు. పెద్ద చదువులు చదివి, పెద్ద ఉద్యోగాలు చేస్తూ, వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని అడవులకూ సరస్సులకూ క్యాంపరులో వెళ్ళివచ్చేవారే. ఆ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. దానిని గట్టిగా నమోదు చేయడానికే ఈ టపా.

ముప్పై మూడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి గొట్టాలతో, పంపులతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. గొట్టాల గొడవలా కనిపిస్తున్నా ఇది మాటల గొడవే. రెండు వస్తువులకు ఒకే పేరు పెట్టి, ఆ రెంటిలో ఒకటి విషమైనప్పుడు, మొదట నోరు విప్పవలసినవాడు భాషను నమ్ముకొని బ్రతికినవాడేనని నా వాదం.

సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. క్యాంపర్ అంటే కారు వెనుక తగిలించుకొని లాక్కుపోయే చక్రాల ఇల్లు. ఇంట్లో ఉండేవన్నీ అందులో చిన్నవిగా ఉంటాయి. మంచినీళ్ళ తొట్టి, పంపు, వేణ్ణీళ్ళ బాయిలరు, కుళాయిలు, స్నానాలగది, మరుగుదొడ్డి, వీటన్నిటినీ కలుపుతూ గోడల వెనుకా నేల కిందా సన్నని గొట్టాలు. వేసవి అయిపోయాక దానిని ఇంటి ముందో, అద్దె స్థలంలోనో నిలిపివేస్తారు. లోపల వెచ్చదనం ఉండదు. మన వైపు లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు వస్తేనే పత్రికలలో ఫొటోలు వేస్తారు. మా అబ్బాయి ఉండే మిన్నెసోటాలో చలికాలపు రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీల సెల్సియస్ దిగువకు పోవడం వింత కాదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గొట్టంలో మిగిలిన నీటికి ఉబ్బడానికి చోటు దొరకకపోతే అది గొట్టాన్నో, పంపునో, కుళాయి లోపలి భాగాన్నో పగలగొట్టి చోటు చేసుకుంటుంది. పగిలిన సంగతి ఏప్రిల్‌లో నీళ్ళు వదిలేదాకా బయటపడదు.

అందుకని చలి ముదరకముందే క్యాంపరును శీతకాలానికి సిద్ధం చేస్తారు. పద్ధతి కష్టమైనదేమీ కాదు. తొట్లన్నీ ఖాళీ చేయాలి. బాయిలరు ఆపి, చల్లారనిచ్చి, ఒత్తిడి తీసి, ఆ తరువాతే దాని బిరడా విప్పాలి. వేడిగా ఉండగా విప్పితే ఒళ్ళు కాలుతుంది. నీటి ఫిల్టరు ఉంటే తీసేయాలి. గొట్టాల అడుగున ఉండే మూతలు తెరిచి నిలవనీరు వదలాలి. తరువాత బాయిలరులోకి ద్రవం పోకుండా బైపాస్ వాల్వు తిప్పాలి. ఆ పని మరిస్తే ఆరు గ్యాలన్ల బాయిలరు మీరు కొన్న ద్రవమంతా తానే తాగేస్తుంది. ఇక పంపు నీరు పీల్చే గొట్టాన్ని యాంటీఫ్రీజ్ డబ్బాలో ముంచి, పంపు వేసి, ఒక్కొక్క కుళాయినీ, వేడిదీ చల్లదీ, గులాబీరంగు ధార కనిపించేదాకా తెరిచి కట్టేయాలి. షవరు, మరుగుదొడ్డి, బయటి గోడకు ఉండే చిన్న షవరు, వేటినీ వదలకూడదు. చివరకు సింకుల కింద ఉండే వంపు గొట్టాలలో తలా ఒక కప్పు పోయాలి. మామూలు క్యాంపరుకు రెండు మూడు గ్యాలన్లు సరిపోతాయి.

ఇంతవరకు తగాదా లేదు. ఆ డబ్బాలో ఏముందన్న దగ్గరే తగాదా.

క్యాంపర్ల కోసం అమ్మే మేలైన యాంటీఫ్రీజ్‌లో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్. దీనిని ఆహారపదార్థాలలో వాడుకోవడానికి అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ అనుమతిస్తుంది. కారు ఇంజను కోసం అమ్మేవాటిలో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. పేర్లు కవలపిల్లల్లా ఉన్నాయి కాని గుణాలలో ఒకటి సాధువు, ఒకటి హంతకుడు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కడుపులోకి పోయినవారు మొదట తాగి తూలుతున్నట్టు కనబడతారు. తరువాత కాలేయం దానిని గ్లైకాలిక్ ఆమ్లంగా, ఆక్జాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలు కడుతుంది. సకాలంలో విరుగుడు అందకపోతే ప్రాణం పోతుంది. పిల్లలూ పెంపుడు కుక్కలూ తీపికి ఆశపడి తాగుతున్నారనే, చేదు కలిపి అమ్మడానికి అమెరికాలో తయారీదారులు 2012లో ఒప్పుకున్నారు. చేదు ఒక హెచ్చరిక మాత్రమే. అది విషానికి విరుగుడు కాదు.

గత అక్టోబరులో మా అబ్బాయి స్నేహితుడు, మా జిల్లా కుర్రవాడే, తన క్యాంపరు కోసం ఒక డబ్బా తెచ్చాడు. “పింక్‌దే తెచ్చాను మాస్టారూ, పింక్ అయితే తాగే నీళ్ళకు పనికొస్తుంది” అన్నాడు. వెనుక ఏం రాశారో చదవమన్నాను. చిన్న అక్షరాలలో మొదటి పదార్థం ఇథిలీన్ గ్లైకాల్ అని ఉంది. అది కారు రేడియేటరులో పోసేది. ఒక ప్రసిద్ధ జపాను కార్ల సంస్థ వాడే ఇంజను ద్రవం గులాబీరంగులోనే ఉంటుంది. ఆకుపచ్చ, నారింజ, పసుపు, నీలం, గులాబీ, ఏ రంగైనా తయారీదారు ఇష్టం కొద్దీ కలిపేదే. రంగును చూసి గుణాన్ని నిర్ణయించేవారు మేడిపండు పొట్ట విప్పని అమాయకులు.

ఆ కుర్రవాడు ఊరుకోలేదు. “వసంతంలో ఎలాగూ కడిగేస్తాం కదండీ” అన్నాడు. చాలామంది నమ్మే వాదం కనుక జవాబు చెప్పి తీరాలి. కడగడం వల్ల తగ్గుతుంది, నిజమే. ఎంత తగ్గింది? ఎవరు కొలిచారు? గొట్టాల వ్యవస్థలో నీరు సరిగా పారని మూలలు ఉంటాయి. ఎప్పుడో గాని తెరవని బయటి షవరు, ఫిల్టరు గిన్నె, తొట్టి అడుగు. ఒక మూల మిగిలిన మడుగు ఏ రోజు ఏ గ్లాసులోకి వస్తుందో ఎవరు చెప్పగలరు? పోనీ, కడిగిన నీరు ఎక్కడికి పోతుంది? ఇంటి ముందు గడ్డిలోకి. అక్కడ పక్కింటి కుక్క నాకుతుంది. ఒక గ్యాలను మీద మిగిలే నాలుగు డాలర్ల కోసం ఇన్ని ప్రశ్నలు నెత్తిన వేసుకోవడం పొదుపు కాదు, అవివేకం.

అయితే పదార్థం పేరు చదివి ఆగిపోతే కూడా చాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన ఇంజను ద్రవాలూ ఉన్నాయి. వాటిలో తుప్పు పట్టకుండా కలిపే ఇతర రసాయనాలు తాగునీటి గొట్టాల కోసం ఉద్దేశించినవి కావు. కనుక ‘క్యాంపరు తాగునీటి వ్యవస్థ కోసం’ అని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉండాలి. చౌకగా దొరికే కొన్నిటిలో ఇథనాల్ ఉంటుంది. అది రబ్బరు వాషర్లను ఎండబెడుతుంది, డబ్బాలో ఉన్నంతసేపూ నిప్పుకు దూరంగా ఉంచాలి. ఇక ‘విషరహితం’ అన్న ముద్ర. ‘విషం కానిది’ అన్నంత మాత్రాన ‘అమృతం’ అని అర్థం రాదని నఞ్ తత్పురుష చదువుకున్న తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. వసంతంలో మంచిదాన్ని కూడా బాగా కడిగి, ఆపైన 15 గ్యాలన్ల నీటికి పావు కప్పు చొప్పున వాసన కలపని మామూలు బ్లీచ్ కలిపి, గొట్టాలన్నిటిలో నింపి కొన్ని గంటలు ఉంచి, మళ్ళీ కడిగిన తరువాతే తాగాలి.

డబ్బా ముందువైపు పెద్ద అంకెలలో ఉండే ‘మైనస్ 50’ కూడా ఇలాంటి మాటే. సున్నాకు యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువ వరకు అది ద్రవంగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అంతకు చాలా ముందే అది చిక్కబడుతుంది. మన భాషలో దీనికి చక్కని భేదం ఉంది. నీరు గడ్డకడుతుంది, నెయ్యి పేరుకుంటుంది, పెరుగు తోడుకుంటుంది. ఈ ద్రవం పేరుకుంటుందే గాని రాయిలా గడ్డకట్టదు, అందుకే గొట్టం పగలదు. ఆ అంకె చెప్పేది పగలకుండా కాచే హద్దును. ఈ రకాన్ని నీళ్ళు కలిపే అమ్ముతారు కనుక మళ్ళీ నీళ్ళు కలపకూడదు. గొట్టంలో పాతనీరు ఉండగానే పోస్తే మీకు తెలియకుండానే కలిపినట్టు అవుతుంది. ముందు నీరు వదలమని అందుకే చెప్పాను.

పేరులో ఏముందనేవారికి ఒక చరిత్ర చెబుతాను. 1937లో అమెరికాలో ఒక సంస్థ సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టి అమ్మింది. ఇది కూడా గ్లైకాల్ కుటుంబంలోని విషమే. వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. విషాన్ని అమ్మినందుకు ఆ మందును పట్టుకోవడానికి అప్పటి చట్టంలో అవకాశం లేదు. ‘ఎలిక్సిర్’ అంటే ఆల్కహాల్ కలిసినది అని అర్థం, ఇందులో ఆల్కహాల్ లేదు కనుక పేరు తప్పు అన్న ఒక్క కారణంతో అధికారులు ఆ సీసాలను స్వాధీనం చేసుకోగలిగారు. ‘ద్రావణం’ అని రాసి ఉంటే ఆ అధికారమైనా ఉండేది కాదు. మరుసటి ఏడు, 1938లో, కొత్త చట్టం వచ్చింది. మనం ఆ పాఠం నేర్చుకున్నామా? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు పోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు పరీక్షలలో తేలింది. మందుల్లో ఉండదగినది ప్రొపిలీన్ గ్లైకాల్. కవలల్లో ఒకరి చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో ఆ తల్లులను అడగండి.

ఇక నా సాటి పండితులతో రెండు మాటలు. ఈ విషయం ప్రస్తావిస్తే వారు వెంటనే “యాంటీఫ్రీజ్‌కు తెలుగు మాట కావాలి, ‘హిమనిరోధకం’ అందాం” అంటారు. సమాసం బాగానే ఉంది. కాని ఇంగ్లీషు మాటలో ఉన్న దోషం చెక్కుచెదరకుండా తెలుగులోకి దిగుమతి అవుతుంది. హిమనిరోధకం కారుకా, కుళాయికా? పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథకూ భారతకథకూ అన్వయిస్తే ఆనందిస్తాం. శ్లేష కావ్యంలో అలంకారం. డబ్బా మీద శ్లేష మాత్రం పసివాడి గ్లాసులోకి దారి.

మన అమ్మమ్మలు ఏ నిఘంటువూ చూడకుండానే దీనికి పరిష్కారం కనిపెట్టారు. మంచినీళ్ళు వేరు, వాడుకనీళ్ళు వేరు. మంచినూనె వేరు, దీపపు నూనె వేరు. నోటిలోకి పోయేదానికి ముందు ‘మంచి’ అని చేర్చారు. ఆ ఒక్క విశేషణం ఎన్ని ప్రాణాలు కాపాడిందో! అదే దారిలో ‘మంచినీళ్ళ యాంటీఫ్రీజ్’, ‘ఇంజను యాంటీఫ్రీజ్’ అనే రెండు పేర్లు నేను ప్రతిపాదిస్తున్నాను. సగం ఇంగ్లీషే, ఉండనివ్వండి. ఫోనులో “యాంటీఫ్రీజ్ తెచ్చావా?” అని అడిగే తండ్రి ఇకమీదట “మంచినీళ్ళదా, ఇంజనుదా?” అని అడిగితే నా టపా సార్థకమైనట్టే.

పొరపాటున ఎవరైనా తాగినట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా అమెరికాలో 1-800-222-1222కు ఫోను చేయండి. స్పృహ తప్పితే 911కు. డబ్బా చేతిలో ఉంచుకోండి, పదార్థం పేరు అడుగుతారు.

నా ప్రతిపాదన నచ్చనివారు, ఇంతకన్నా మేలైన మాట తోచినవారు కింద వ్యాఖ్యలలో చెప్పండి. వాదానికి నేనెప్పుడూ సిద్ధమే. ఒక్క షరతు: ముందు మీ గరాజులో ఉన్న డబ్బా వెనకవైపు చదివి వచ్చి వాదించండి.