ఆ సాయంత్రం హార్మోనియం ఎవరిది?

మా చిన్నతాతయ్య ముప్ఫై ఏళ్ళ పాటు పద్యనాటకాలకి హార్మోనియం వాయించాడు. ఊరు తెనాలి పక్కన. కాంట్రాక్టరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి, పెట్టె బస్సు టాపు మీద వేయించుకుని వెళ్ళేవాడు. చివరి రోజుల్లో హైదరాబాదులో మాతోనే ఉన్నాడు. వృద్ధ కళాకారుల పింఛనుకి దరఖాస్తు పెడదామని ఓ ఆదివారం కూర్చున్నాం. ప్రదర్శనలకి ఆధారాలు జతపరచమనే గడి దగ్గర ఆగిపోయాం.

మా దగ్గరున్న ఆధారం ఒక్క ఫొటో. మధ్యలో కృష్ణుడు, పక్కన అర్జునుడు, ఫొటో అంచున హార్మోనియం తిత్తి మీద ఒక చెయ్యి. మనిషి లేడు, చెయ్యి మాత్రమే. వేలికున్న ఉంగరాన్ని బట్టి అది ఆయన చెయ్యని మాకు తెలుసు. ఆఫీసులో గుమాస్తా ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఈయన ఎక్కడున్నారండీ?" అన్నాడు. చూపించాను. "చెయ్యి ఎవరిదైనా అవ్వొచ్చు కదండీ. ఈయన అక్కడ వాయించారని ఎవరు చెప్తారు?"

అప్పుడు కోపమొచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. తెలుగు నాటకరంగ వైభవం మీద నేను చాలా వ్యాసాలు చదివాను. వాటిలో ఒక్కటీ నన్ను ఇంత సూటిగా నిలదీయలేదు. ఎవరు చెప్తారు?

ఇంకో సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఆయన ట్రంకు పెట్టెలో ఒకప్పుడు కరపత్రాలుండేవి, కట్టలు కట్టి. ఇల్లు మారుతున్నప్పుడు పాత పేపర్లతో కలిపి కేజీల లెక్కన అమ్మేశాం. ఆ రోజు దగ్గరుండి తూకం వేయించింది నేనే. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరినైనా తిడితే, ఆ తిట్లలో నా వాటా తీసేసి చదవొద్దు.

చిన్నతాతయ్య ఎన్నో ఊళ్ళలో వాయించాడు గానీ, మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది రవీంద్రభారతి గురించే. పందిట్లోనూ, పొలాల మధ్య వేసిన స్టేజీల మీదా వాయించేవాడికి అది పెద్ద మాట. టాగోర్ శతజయంతి సందర్భంగా 1961లో మొదలైన హాలు అది. బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, అహ్మదాబాద్‌లో టాగోర్ హాల్ కూడా ఆ శతజయంతి ఊపులో వచ్చినవే. అరవై ఏళ్ళు దాటింది. ఎన్ని వేల సాయంత్రాలు! కూచిపూడి, కర్ణాటక సంగీతం, ముషాయిరాలు, హరికథలు, పరిషత్తు నాటకాలు, సినిమా పాటల విభావరులు, పుస్తకావిష్కరణలు. ఈ ఊరు ఏం విన్నది, ఏం చూసింది, దేనికి చప్పట్లు కొట్టింది అని ఎవరైనా అడిగితే, జవాబులో పెద్ద ముక్క ఆ ఒక్క హాల్లోనే ఉంది.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. రవీంద్రభారతికి ఎలా వెళ్ళాలి, ఎన్ని సీట్లు, పార్కింగ్ ఉందా లేదా అన్నీ దొరుకుతాయి. అలాగే 1974లో ఏదో ఒక శనివారం ఎంచుకుని, ఆ సాయంత్రం అక్కడ ఎవరు పాడారో, పక్కన ఎవరు వాయించారో వెతకండి. నేను వెతికాను. నాకు భవనం దొరికింది, సాయంత్రం దొరకలేదు.

నా ఉద్యోగంలో ఒక మామూలు వెబ్‌సైట్ కూడా లాగ్ రాసుకుంటుంది. ఫలానా సమయానికి ఫలానా చోటి నుంచి ఎవరో వచ్చారు, ఫలానా పేజీ అడిగారు, ఇచ్చాం అని. రేపు ఏదైనా తేడా వస్తే ముందు చూసేది అదే. చెప్పులమ్మే సైట్‌కి ఉన్న జ్ఞాపకశక్తి ఒక రాజధాని నగరపు రంగస్థలానికి అక్కర్లేదా?

ఈ రోగం హాళ్ళ దగ్గర మొదలవలేదు. మన దగ్గర, అంటే సాహిత్యం చదివేవాళ్ళ దగ్గర మొదలైంది. తెలుగులో నాటక చరిత్ర అంటే చాలావరకు అచ్చయిన నాటకాల చరిత్ర. 'కన్యాశుల్కం' సంగతే చూడండి. 1897 ప్రతికీ 1909 ప్రతికీ తేడాలు పట్టుకుని మనం ఇప్పటికీ వాదించుకుంటాం. మంచిదే. కానీ ఆ నాటకం అచ్చవకముందే, 1892లో విజయనగరంలో స్టేజీ ఎక్కింది. ఆ రాత్రి మధురవాణి వేషం ఎవరు కట్టారో తెలుసుకోవాలని మనలో ఎంతమందికి అనిపించింది? గురజాడ వాక్యంలో కామా మారితే పట్టించుకుంటాం. ఆ వాక్యాన్ని మొదటిసారి పైకి పలికిన గొంతు ఎవరిదో పట్టించుకోం. తిరుపతి వెంకట కవుల పద్యాలు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఊరూరికీ మోసుకెళ్ళి, మూడో ఝాము దాకా జనాన్ని కూచోబెట్టిన వాళ్ళలో పెద్ద పేర్లు పది మిగిలితే, మిగతావాళ్ళంతా 'తదితరులు'.

స్థానం నరసింహారావు అంతటి నటుడు కూడా తన వేషాల సంగతులు తానే కూర్చుని 'నటస్థానం'లో రాసుకోవాల్సి వచ్చింది. పద్మశ్రీ వచ్చినవాడు కాబట్టి ఆయన పుస్తకానికి విలువుంది, పాఠకులున్నారు. హార్మోనిస్టు పుస్తకం రాస్తే ఎవరు వేస్తారు?

పోనీ, ఉన్న కాగితాలైనా ఏం చెప్తున్నాయి? ఏదైనా సాంస్కృతిక సంస్థ ఆహ్వానపత్రిక తీసుకోండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. జ్యోతి వెలిగించేది ఒకరు, శాలువా కప్పేది ఇంకొకరు. అందరికీ పేర్లు, పేర్ల ముందు బిరుదులు, కింద హోదాలు. అట్టడుగున సన్నక్షరాల్లో 'అనంతరం నాటక ప్రదర్శన'. మర్నాడు పేపర్లో వచ్చేదీ అతిథుల ఉపన్యాసమే. ఈ కాగితాలన్నీ భద్రంగా మిగిలినా, రేపటి చరిత్రకారుడికి తెలిసేది దీపం ఎవరు వెలిగించారన్నదే. ఆ వెలుగులో ఎవరు ఆడారో తెలియదు.

న్యూయార్క్‌లో కార్నెగీ హాల్ ఉంది. 1891లో మొదలైంది. ప్రారంభోత్సవానికి చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చి తన సంగీతాన్ని నిర్వహించాడు. 1960లో దాన్ని కూలగొట్టబోయారు. వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ ముందుండి పోరాడితే నగరం ఆ భవనాన్ని కొని నిలబెట్టింది. ఇక్కడిదాకా మనకి తెలిసిన కథే. భవనాల కోసం మనమూ అప్పుడప్పుడు గొడవ చేస్తాం. ఆ తర్వాతి భాగం ఎక్కువమందికి తెలియదు. భవనం నిలిచినా, అందులో జరిగినవాటికి ఒక ఆర్కైవ్ పెట్టాలని వాళ్ళకి తోచింది 1986లో. అంటే తొంభై అయిదేళ్ళ తర్వాత! అప్పటికి చాలా ప్రోగ్రాము కాగితాలు చెల్లాచెదురైపోయాయి. ఒక ఆర్కైవిస్టుని పెట్టుకుని, వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా ఉన్నవి పోగు చేసుకొచ్చారు. ఇవాళ ఆ హాలు ప్రదర్శనల చరిత్రని ఎవరైనా వెతుక్కోవచ్చు, ఆ డేటాని ఉచితంగా దింపుకోవచ్చు. ఆ ఊరిదే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఇంకా ముందుకెళ్ళి, 1842 నాటి మొదటి కచేరీ నుంచీ తన ప్రోగ్రాముల వివరాలు గిట్‌హబ్‌లో పెట్టింది.

"వాళ్ళకి డబ్బుంది" అంటారు. నిజమే. కానీ నేనడిగేది మ్యూజియం కాదు. తేదీ, సంస్థ, ప్రదర్శన, పాల్గొన్నవాళ్ళు, పక్కవాయిద్యాలు, ఈ సంగతి ఎలా తెలిసింది. ఆరు గడులు. ఒక సన్మాన సభకయ్యే శాలువాలూ పూలదండల ఖర్చుతో ఒక ఏడాది జాబితా టైపు చేయించొచ్చు.

"అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా" అని ఇంకో మాట, ఎక్కువగా నా తోటి ఇంజినీర్ల నుంచి. రవీంద్రభారతి మొదటి ఇరవై ఏళ్ళకి యూట్యూబ్ కాదు కదా, ఇళ్ళల్లో వీడియో కెమెరాలే లేవు. తర్వాతివైనా ఎలా ఉన్నాయి? 'పాత నాటకం సూపర్ పద్యం' అని ఒక శీర్షిక. ఏ ఊరో, ఏ ఏడో ఉండదు. రాయబారం సీను ఉంటుంది, మృదంగం ఎవరో ఉండదు. పెట్టినాయన ఖాతా పోతే అదీ పోతుంది. రికార్డింగ్ వేరు, రికార్డు వేరు. మొదటిది ఆ గొంతుని దాస్తుంది, రెండోది ఆ గొంతు ఎవరిదో చెప్తుంది. రెండోది లేకపోతే మొదటిది అనాథ.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది కవితాత్మకమైన అభ్యంతరం. "రంగస్థలం క్షణికం, అదే దాని అందం. ఆ రాత్రితో అది అయిపోవాలి." సాహిత్య సభల్లో ఈ మాటకి చప్పట్లు పడతాయి. 'క్షణికం' అన్న మాట నేనెప్పుడూ పేరున్నవాళ్ళ నోటనే విన్నాను. వాళ్ళ పేరు అప్పటికే అచ్చులో ఉంటుంది. హార్మోనిస్టు నోట వినలేదు. ఆయనకి క్షణికత ఒక తత్త్వం కాదు, నింపలేకపోయిన గడి. అయినా జాబితా రాసినంత మాత్రాన ఆ రాత్రి అందం ఎక్కడికి పోతుంది? పుట్టినరోజు తేదీ రాసిపెట్టుకుంటే మనిషి జీవితం తరిగిపోతుందా?

నేనేదో చేశానని చెప్పడం లేదు. చేసింది చాలా తక్కువ, మొదలుపెట్టింది తప్పుగా. గుమాస్తా దగ్గర్నుంచి వచ్చిన వారమే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పదకొండు టేబుల్స్‌తో డేటాబేస్ గీశాను. గర్వంగా చిన్నతాతయ్యకి చూపిస్తే, "బానే ఉందిరా నాన్నా, శ్రుతి ఎక్కడ రాస్తావ్?" అన్నాడు. ఆయనకి నటులంతా శ్రుతుల్లో గుర్తు. ఫలానాయన నాలుగు, ఫలానాయన ఐదు, ఫలానాయన తాగొస్తే మూడున్నర. ఒక్క నాటకంలో ముగ్గురు కృష్ణులుండేవారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. కరపత్రంలో ఉన్న రెండో కృష్ణుడు రైలు తప్పిపోతే ఒకటో కృష్ణుడే లాగించేసేవాడు. నా టేబుల్స్‌లో కృష్ణుడికి ఒక్కటే గడి. అందుకే కరపత్రం కూడా పూర్తి సాక్ష్యం కాదని, 'ఎలా తెలిసింది' అనే గడి ముఖ్యమని నాకు అర్థమైంది. డేటాబేస్ మూసేసి నోటుపుస్తకం తీశాను.

సంవత్సరాలు చెప్పలేకపోయేవాడు. "మీ అమ్మ పెళ్ళికి ముందు", "ఉప్పెనొచ్చిన ఏడు సంక్రాంతి వెళ్ళాక" అనేవాడు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. అంటే ఆ తర్వాతి సంక్రాంతి, 1978 మొదట్లో. అలా ఒక్కో సాయంత్రానికీ తేదీ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాం. నలభై మూడు ప్రదర్శనలు రాసుకున్నాం. నలభై నాలుగోది మొదలుపెట్టకముందే ఆయన పోయాడు. పింఛను దరఖాస్తు అప్పటికి పెండింగులోనే ఉంది.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చెప్తాను. ప్రభుత్వ హాళ్ళని అడగాల్సింది ఒక్కటే: అద్దె ఫారంతో పాటు ఇంకో కాగితం. ప్రదర్శన అయ్యాక, స్టేజీ మీదున్న ప్రతివాళ్ళ పేరుతో ఆ కాగితం నింపి ఇస్తేనే డిపాజిట్ వెనక్కి. ఆ కాగితాలు ఏటా అందరికీ కనపడేలా పెట్టాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, కానీ అది రాసిపెట్టిన దాన్నే ఇప్పించగలదు. అసలు రాయనిదాన్ని ఏ చట్టం ఇప్పిస్తుంది?

గడిచిపోయిన సాయంత్రాల సంగతి హాళ్ళ చేతిలో లేదు, మన చేతిలో ఉంది. పాత దినపత్రికల్లో 'నేటి కార్యక్రమాలు' అని చిన్న కాలమ్ వచ్చేది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికలు దాచినవాళ్ళున్నారు. కానీ ఒక్క చోటే ఉన్న కాగితాన్ని నమ్ముకోలేం. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళొచ్చి ఎన్ని పుస్తకాలు తడిసిపోయాయో హైదరాబాదు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వారానికి ఒక గంట, ఒక నెల పేపర్లు, ఫోన్‌తో ఫొటోలు. మన వీకెండ్ పుస్తక చర్చలకి వచ్చే పదిమంది చాలు.

అంతకన్నా ముందు, ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళని అడగండి. ఎవరిని చూశావు, ఎక్కడ, పక్కన ఎవరు వాయించారు అని. ట్రంకు పెట్టె అమ్మేముందు తెరవండి.

నా నోటుపుస్తకంలో పదిహేడో వరస ఇది. తేదీ: 1978 జనవరి, ఫిబ్రవరి మధ్య. స్థలం: రవీంద్రభారతి. హార్మోనియం గడిలో చిన్నతాతయ్య పేరు. 'ఎలా తెలిసింది' గడిలో: 'ఆయనే చెప్పాడు.' ఆ నెలల్లో ఆ హాల్లో పద్యనాటకం చూసినవాళ్ళెవరైనా, కరపత్రం దాచుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆ గడిలో ఇంకో మాట చేర్చడానికి చోటు వదిలిపెట్టాను.