ఖాళీ శంఖం ఎవరిది?

మా ఇంట్లో అమ్మ ఎండ్రకాయ అంటుంది, నాన్న నండు అంటారు. శంఖంలో కాపురముండే దీన్ని మాత్రం ఇద్దరూ హెర్మిట్ క్రాబ్ అనే అంటారు. హెర్మిట్ అంటే ఒంటరిగా ఉండే ముని. ఆ పేరు పెట్టినవాళ్లు దాన్ని సరిగ్గా చూసి ఉండరని నా అభిప్రాయం.

నేలమీద బతికే రకాలు అండమాన్ తీరాల్లో బాగా కనిపిస్తాయి. వీటి పొట్ట మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. చచ్చిన నత్తల గుల్లల్లో దాన్ని దాచుకుంటాయి. ఒళ్లు పెరిగేకొద్దీ ఇల్లు మారాలి. పెద్ద గుల్ల ఒకటి దొరికితే చుట్టుపక్కలవన్నీ చేరి పెద్దా చిన్నా వరసలో నిలబడతాయి, ముందుది ఖాళీ చేసిన ఇంట్లోకి వెనకది దూరుతుంది. అచ్చం రేషన్ క్యూనే! గుల్లలో కాస్త నీళ్లు మోసుకు తిరుగుతాయి, మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరి. అలాగని నీళ్లలో ముంచి ఉంచితే చచ్చిపోతాయి. గుడ్లు మాత్రం సముద్రంలోనే వదలాలి.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదో క్లాసులో పోర్ట్ బ్లెయిర్‌లో మామయ్య వాళ్లింటికి వెళ్లి, ఒకదాన్ని టిఫిన్ డబ్బాలో దాచి ఓడలో చెన్నైకి తెచ్చేశాను. ప్లాస్టిక్ తొట్టిలో ఇసక పోసి పెంచాను. రెండు నెలలకు అది ఇసకలోకి దిగిపోయింది. పది రోజులు చూసి, చచ్చిందనుకుని ఇసకతో సహా చెత్తకుండీలో పోశాం. పాత పెంకు వదిలి కొత్తది గట్టిపడేదాకా అవి వారాల తరబడి అలాగే ఇసకలో ఉంటాయని నిరుడు చదివాను. తమ చోట ఉంటే 30 ఏళ్లు కూడా బతుకుతాయట.

కోకోస్ దీవుల్లో, హెండర్సన్ దీవిలో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాల్లో, డబ్బాల్లో చిక్కుకుని సుమారు 5,70,000 చచ్చిపోయాయని 2019లో పరిశోధకులు లెక్క కట్టారు. ఒకటి చస్తే ఆ వాసనకి, ఇల్లు ఖాళీ అయిందని ఇంకొన్ని వస్తాయి. అవీ అదే సీసాలో పడతాయి. గుల్లకు బదులు ప్లాస్టిక్ మూతలు తగిలించుకు తిరిగేవీ ఉన్నాయి.

“ఒక్క శంఖం తెచ్చుకుంటే ఏమవుతుందే?” అంటారు మన వాళ్లు. జనవరిలో రామేశ్వరం టూర్‌కి 52 మందిమి వెళ్తున్నాం. అక్కడ నీళ్లలో తిరిగే రకాలకీ ఆ గుల్లలే దిక్కు. తలా పది ఏరుకుంటే 520 ఇళ్లు. కొట్లో కొన్నా అంతే, అవీ సముద్రంలోంచి వచ్చినవే. ఫొటోలు తీసుకుందాం, అక్కడే వదిలేద్దాం.

మేడమ్, బస్సు ఎక్కకముందే ఈ మాట మీరు చెప్పండి. నేను చెబితే మా బెంచీ వాళ్లే వినరు.